గోలు కంబం పక్కన దాదీ

దోహా, అల్ మన్సూరా
జనవరి 11, శనివారం

నా గంగామణి చెల్లెకు,

నీ ఖమర్ అక్క సలాములు, నీ తల మీద చెయ్యి పెట్టి ఇచ్చే దీవెనలు. ఈ ఉత్తరం నీ అల్లుడు జలంధర్ చేతికిచ్చి పంపుతున్నాను. సెలవు మీద మెట్‌పల్లికి వస్తున్నాడు కదా. పెట్టె బరువు ఎక్కువైందని విమానం దగ్గర ఆపుతారేమోనని కాగితానికి రెండు వైపులా రాస్తున్నాను. ఆ మాటంటే జలంధర్ నవ్వాడు. "ఉత్తరం బరువుకు ఎవ్వడు ఆపడు పెద్దత్తమ్మా, నీ పచ్చడి సీసకు ఆపుతడు" అన్నాడు. అప్పటినుంచి సీసా గురించి కూడా భయం పట్టుకుంది. మూత మీద ప్లాస్టిక్ కవరు మూడు చుట్లు చుట్టాను. నాలుగోది చుట్టాల్సింది.

ఫోన్ చేయరాదా అంటావు. మా ఇల్లు రెండు గదులు. నేను ఫోన్‌లో మాట్లాడితే కింది కిరాణా దుకాణం దాకా వినబడుతుందని కోడలు కహకషాన్ అంటుంది. నీకేమో చెవులు సరిగ్గా వినబడవు, గట్టిగా చెప్పమంటావు. ఇది గట్టిగా చెప్పే మాట కాదు. ఇంకో సంగతి, నువ్వు ప్రతిసారీ "దుబాయ్‌లో ఎట్లున్నవే" అని అడుగుతావు. నేనున్నది ఖతర్. ఆరేళ్ళయింది వచ్చి. నా కొడుకు బాసిత్ పనిచేసే కంపెనీ కూడా ఖతర్‌లోనే ఉంది.

నా మనవరాలు అల్ఫియా నీకు తెలుసు కదా, చిన్నప్పుడు మీ ఇంట్లో సకినాలన్నీ ఒక్కతే తిన్నది. ఇప్పుడు పద్నాలుగేళ్ళు, నాకంటే జానెడు పొడుగు. రెండేళ్ళుగా ఒక ఆట ఆడుతోంది. ఐర్లాండ్ అనే దేశపు ఆటట. ఆ దేశం నుంచి వచ్చిన నోరా అనే టీచరమ్మ ప్రతి శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆడపిల్లలకు నేర్పిస్తుంది. పేటకొక జట్టు. మాది మన్సూరా. అసలు పోటీ అల్ హిలాల్ వాళ్ళతో. వాళ్ళలో సగంమంది విల్లాల్లో ఉండే పిల్లలు, మావాళ్ళు ఫ్లాట్ల పిల్లలు. వాళ్ళు బస్సు కట్టించుకుని వస్తారు, మావాళ్ళు ముగ్గురు అబ్బాల, అంటే తండ్రుల, కార్లలో ఇరుక్కుని వస్తారు. ఆ మాట ఎవ్వరూ పైకి అనరు, కానీ బంతి తన్నేటప్పుడు ప్రతి పిల్ల కాలికీ అది గుర్తుంటుంది.

ఆట ఎలా ఉంటుందో చెప్తాను, తొందరపడకు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితోనూ తన్నవచ్చు. పట్టుకుని నాలుగు అడుగులు వేశాక నేలకు కొట్టాలి, లేకపోతే తన కాలితో తానే తన్ని మళ్ళీ చేతికి తెచ్చుకోవాలి. అటూ ఇటూ చివర రెండేసి నిటారు కంబాలు, వాటి నడుమ ఒక అడ్డకంబం, దాని కింద వల. వలలో పడితే మూడు. అడ్డకంబం పైనుంచి, రెండు కంబాల నడుమనుంచి పోతే ఒకటి. కంబాల బయటినుంచి పోతే ఏమీ లేదు. ఇంతే. బీడీ చుట్టడం ఇంతకంటే కష్టం.

ఇప్పుడు నా సంగతికి వస్తాను. ప్రతి గోలు దగ్గర ఇద్దరు మనుషులు నిలబడాలి, కంబానికి ఒకరు. జట్టుకు ఒకరు చొప్పున పెడతారు. వాళ్ళకు డాక్టర్లు వేసుకునేటటువంటి తెల్లకోటు ఇస్తారు. వలలో పడితే పచ్చ జెండా ఎత్తాలి, పైనుంచి పోతే తెల్ల జెండా, బయటికి పోతే రెండు చేతులూ తలమీద కత్తెర వెయ్యాలి. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఫైనల్. మా తరఫున బాసిత్ నిలబడాలి. సరిగ్గా ఆనాడే డ్యూటీ పడింది. టీచరమ్మ చుట్టూ చూసింది. ఎప్పుడూ వచ్చి చాప వేసుకుని కూర్చునే నేను కనబడ్డాను. నాకు రాదమ్మా, నాకు చూపు అంతంత మాత్రం, నాకు గుండె దడ అన్నాను. ఆమెకు నా మాట అర్థం కాలేదు, ఆమె మాట నాకు అర్థం కాలేదు. నల్ల బురఖా మీద తెల్లకోటు తొడిగేసింది. పిల్లలు "డాక్టర్ దాదీ" అని చప్పట్లు కొట్టారు. చెల్లె, నీ దగ్గర దాపరికం ఎందుకు, నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

రెండో కంబం దగ్గర హిలాల్ వాళ్ళ తరఫున ఫసీయుద్దీన్ అని నిజామాబాద్ ఆయన నిలబడ్డాడు. ఆయన మనవరాలు రాబియా ఆ జట్టులో ఆడుతుంది. ఆట చివరికి వచ్చేసింది. వాళ్ళు పదకొండు, మనం పది. ఇంక ఒక్క తన్ను మిగిలింది. బంతి అల్ఫియా చేతిలో ఉంది. నా వైపు పరుగెత్తుకొస్తోంది. అది పైనుంచి పోతే సమానమవుతుంది, ఆట ఇంకా పది నిమిషాలు సాగుతుంది.

నేను కళ్ళు మూసుకున్నాను గంగామణీ.

దువా చేస్తూ మూసుకున్నాను. అల్లా, నా పిల్ల తన్నుకు బలమివ్వు అని. కళ్ళు తెరిచేసరికి బంతి నా వెనక గడ్డిలో దొర్లుతోంది. లోపలినుంచి పోయిందో బయటినుంచి పోయిందో నాకు తెలియదు. అందరూ నన్నే చూస్తున్నారు. టీచరమ్మ, ఫసీయుద్దీన్, రెండు పేటల వాళ్ళు, అందరూ. అది పోయింది నా కంబం వైపునుంచి, చెప్పాల్సింది నేను. తెల్ల జెండా ఎత్తితే సొంత మనవరాలి పక్షం పట్టిందంటారు. ఆ భయంతో చేతులు వాటంతటవే పైకి లేచి కత్తెర పడ్డాయి.

ఓడిపోయాం. మావాళ్ళు గడ్డిమీద పడి ఏడ్చారు. మర్నాడు ఫసీయుద్దీన్ ఇంటినుంచి మిఠాయి డబ్బా వచ్చింది, సొంత మనవరాలని కూడా చూడకుండా న్యాయం చెప్పిన దాదీకి అని. నేను ఒక్క ముక్క ముట్టలేదు. కింద దుకాణం గయాజ్ మాత్రం ఇప్పటికీ పాల ప్యాకెట్ ఇస్తూ అంటాడు, "దాదీ, ఇది లోపలి పాలా, బయటి పాలా" అని.

మనం కార్ఖానాలో బీడీలు చుట్టేటప్పుడు బాగాలేనివి ఏరివేసే గుమాస్తా గుర్తున్నాడా. కట్టలో చెయ్యి పెట్టి, చూడకుండానే ఒక పిడికెడు పక్కకు పారేసేవాడు. ఒకనాడు నువ్వు వాడి చెయ్యి పట్టుకుని అడిగావు, "సూసి పారెయ్యి. సూడకుండ పారేసేతందుకు నీకు కండ్లెందుకు" అని. చెల్లె, నేను ఆ గుమాస్తానైపోయాను. అదీ ఎవరి కట్టను పారేశాను, నా పిల్ల కట్టను.

అల్ఫియా నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కోపం వస్తే గిన్నెలు మోగించే పిల్ల, ఆనాటినుంచి నాకు వేడినీళ్ళు పెట్టిస్తుంది, కాళ్ళు ఒత్తుతుంది, చికెన్‌లో మంచి ముక్క నా పళ్ళెంలో వేస్తుంది. కానీ ఆటకు రమ్మని పిలవడం మానేసింది. నా కళ్ళలోకి చూడదు. మనసు విరిగిపోయినవాళ్ళు ఇంత మర్యాదగా ఉంటారా అని నాకు ఒకటే భయం.

ఇప్పుడు మళ్ళీ ఫిబ్రవరి వస్తోంది, మళ్ళీ పోటీలు. అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. మోకాళ్ళ నొప్పులని చెప్పి బాసిత్‌తో టికెట్ చేయించుకుని నీ దగ్గరికి వచ్చేస్తాను. మీ ఇంట్లో ఒక మూల చాలు. ఈ సంగతి ఎవ్వరికీ చెప్పకు. జలంధర్‌కు అసలే చెప్పకు, వాళ్ళ లేబర్ క్యాంపులో రెండు వందలమంది ఉంటారు.

నీ
ఖమర్ అక్క

తా.క. పచ్చడి సీసా పగిలితే నిజం చెప్పు, బాగుందని అబద్ధం రాయకు.


దోహా
ఫిబ్రవరి 8, శనివారం

గంగామణీ, మనసులో మాట మొహం మీద అనే నా చెల్లెకు,

నీ అక్క వేయి దీవెనలు. జలంధర్ వచ్చి నీ జవాబు ఇచ్చి పోయాడు. సీసా పగలలేదని తెలిసి ప్రాణం కుదుటపడింది. మిగతా ఉత్తరం చదివాక మళ్ళీ పోయింది. ఒక్క ముక్కలో రాశావు, "వస్తే రా. గని ఆ పిల్లకు చెప్పి రా. చెప్పకుండ వస్తే తలుపు తియ్య." నలభై ఏళ్ళ స్నేహానికి ఇదా జవాబు అని రెండురోజులు నీ మీద అలిగాను. మూడోరోజు అలక దిగింది. నువ్వు తలుపు తీయవని నాకు తెలుసు, అందుకని.

టికెట్ సంగతి బాసిత్‌ను అడిగాను. వాడు మోకాళ్ళనగానే అల్ సద్‌లో ఒక క్లినిక్‌కు తీసుకుపోయాడు. డాక్టరు కాళ్ళు వంచి చూసి, ఈ వయసులో ఇంత మంచి మోకాళ్ళు చూడలేదన్నాడు. బాసిత్ సంబరపడిపోయి తిరుగుదారిలో ఫలూదా తినిపించాడు. ఇలా నా మోకాళ్ళే నాకు ఎదురు తిరిగాయి.

నిన్న శుక్రవారం సెమీఫైనల్. పిలవకపోయినా పోయాను. కారులో చోటు లేదంది అల్ఫియా, కహకషాన్ నన్ను తన ఒడిలో కూర్చోబెట్టుకున్నంత పని చేసింది. మనవాళ్ళు గెలిచారు. హిలాల్ వాళ్ళూ గెలిచారు. ఇంకేముంది, ఇరవై ఒకటో తారీఖున మళ్ళీ వాళ్ళూ మనమూ. ఆట అయిపోయాక నోరా టీచరమ్మ గబగబా వచ్చి నా రెండు చేతులు పట్టుకుంది. చేతిమీద తెల్లకోటు వేలాడుతోంది. ఆమె ఏదో అంది, కహకషాన్ చెప్పింది. "అమ్మీ, ఫైనల్‌కు మీరూ, ఆ ఫసీయుద్దీన్ సాబూ మళ్ళీ నిలబడాలంటున్నది. పోయినేడు మీ అంత నిజాయితీగ ఎవ్వరు చెయ్యలేదంట."

ఆ 'నిజాయితీ' అన్న మాట వినగానే నేను ఆ కోటునుంచి మొహం తిప్పుకున్నాను. అల్ఫియా దూరంగా నిలబడి బూటు లేసు కట్టుకుంటోంది. కట్టిన లేసునే మళ్ళీ విప్పి కట్టింది.

నీ ఉత్తరం నా సంచిలో ఉంది చెల్లె. నీ తలుపు గుర్తుకొచ్చింది. ముందు ఎవరికో ఒకరికి చెప్పి నోరు అలవాటు చేసుకోవాలనుకున్నాను. ఫసీయుద్దీన్ సాబ్ టీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని ఒంటరిగా కూర్చున్నాడు. పోయి ఆయన ముందు నిలబడ్డాను. మేమిద్దరం మా భాషలో మాట్లాడుకున్నాం, నీకోసం తెలుగులో రాస్తున్నాను. ఆయన నన్ను పిలిచే 'ఆపా' అంటే అక్క.

"భాయిసాబ్, మీకొక మాట చెప్పాలె. పోయినేడు మీరు పంపిన మిఠాయి నాకు హక్కు లేని మిఠాయి."

"ఎందుకు ఆపా, బాగలేదా? అది హైదరాబాద్‌నుంచి తెప్పించింది."

"నేను తినలే. ఆ చివరి బంతి నేను చూడలేదు. కండ్లు మూసుకున్న. దువా చేస్తున్న, మా పిల్ల తన్ను లోపలికి పోవాలె అని."

ఆయన టీ కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. ఇంక తిడతాడు, టీచరమ్మను పిలుస్తాడు, రెండు పేటల ముందు నిలబెడతాడు అనుకున్నాను. ఆయన కప్పు కింద పెట్టి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆపా, ఎవ్వరికి చెప్పకండి. నేను కూడ మూసుకున్న."

"మీరెందుకు?"

"దువా. బయటికి పోవాలె అని."

గంగామణీ, ఒక్క నిమిషం మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. తర్వాత ఆయన భుజాలు ఊగడం మొదలైంది. నాకు కూడా ఆగలేదు. బురఖా కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఇద్దరు ముసలివాళ్ళు, రెండు కంబాల దగ్గర, తెల్లకోట్లు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒకరు లోపలికీ ఒకరు బయటికీ అడుగుతుంటే పైవాడు ఏం చేస్తాడు పాపం. "అల్లా మియాకు కూడ ఆనాడు శానా పరేషాన్ అయ్యుంటది ఆపా" అన్నాడు ఆయన కళ్ళు తుడుచుకుంటూ. రాబియా వచ్చి తాతను పట్టుకుని, "నానా, ఏమైంది, ఎందుకు ఏడుస్తున్నరు" అంటే ఇంకా నవ్వొచ్చింది.

"మరి మీరెందుకు చెప్పలేదు?" అని అడిగాను. "మీరు చేతులెత్తిండ్రు. ఆపా చూసింది గద అనుకున్న. మీ నిజాయితీతో నా అబద్ధం కప్పిన. అందుకే ఆ మిఠాయి" అన్నాడు. ఏడాదిగా ఆయనకూ నిద్ర సరిగ్గా లేదట. బీపీ గోళీ అర నుంచి ఒకటి అయిందట. ఆ గోళీ సంగతి విన్నాక మళ్ళీ నాకు భయమేసింది, ఆ అరగోళీ పాపం నాదేనేమోనని.

మేము ఒక మాట అనుకున్నాం. ఫైనల్ కంటే ముందే ఎవరి పిల్లకు వాళ్ళు చెప్పుకోవాలి, తర్వాత టీచరమ్మకు చెప్పాలి. ఆయన తన రాబియాకు చెప్తాడు. ఆయనకు సులువే, వాళ్ళు గెలిచినవాళ్ళు. నేను నా అల్ఫియాకు చెప్పాలి. చెప్పాక అది ఇంక నా కాళ్ళు ఒత్తదు, ముక్క వెయ్యదు. సరే. వేసిన ముక్క ఏ రోజూ నాకు రుచించలేదు.

ఈ ఉత్తరం జలంధర్ గదిలో ఉండే గజేందర్ తెస్తున్నాడు. మంచివాడే కానీ మతిమరుపు మనిషి. పాస్‌పోర్టు లోపలే పెట్టమన్నాను, అప్పుడు పోగొట్టుకోడు.

నీ తలుపుకు భయపడిన
ఖమర్ అక్క


దోహా, అల్ మన్సూరా
ఫిబ్రవరి 22, శనివారం

నా గంగామణికి,

నీ అక్క సలాములు, దీవెనలు, ఇంకా నోటినిండా మిఠాయి. ఎందుకో చివర చెప్తాను. ముందే కాగితం తిప్పి చూడకు. చూస్తావని తెలుసు.

చెప్దాం చెప్దామని పది రోజులు దాటేశాను. ఒకరోజు దానికి పరీక్ష, ఒకరోజు నాకు దగ్గు, ఒకరోజు కరెంటు బిల్లు చూసి బాసిత్ మూతి ముడిచాడు, ఆ రోజు మంచిది కాదనిపించింది. చివరికి గురువారం వచ్చేసింది. మధ్యాహ్నం అల్ఫియా బడినుంచి వచ్చి నా ముందు కింద కూర్చుంది, తలకు నూనె పెట్టించుకోవడానికి. ఇదే మంచిది, మొహం కనబడదు అనుకున్నాను. పాపిట తీస్తూ చెప్పేశాను. నేను కళ్ళు మూసుకున్న సంగతి, దువా చేసిన సంగతి, తెలియకుండానే చేతులెత్తిన సంగతి, అన్నీ. చివరన, "నీ బంతిని నేను చూడకుండ పారేసిన బేటా. నన్ను మాఫ్ చెయ్యి. రేపు నేను నిలబడ, ఇంకెవరినైన పెట్టుకోండ్రి" అన్నాను.

నా వేళ్ళు జుట్టులో అలాగే ఉండిపోయాయి. నూనె కారి దాని చెవి దాకా వచ్చింది.

"దాదీ" అంది. "నువ్వు చూడలేదా?"

"చూడలే."

"ఒట్టు?"

"ఖురాన్ మీద."

అప్పుడు గిర్రున తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "నేను చూసిన దాదీ. అది బయటికే పోయింది."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. అది ఎక్కిళ్ళు పెడుతూ చెప్పింది. బంతి బూటుకు తగలగానే తెలిసిపోయిందట. కాలి ముందుభాగానికి కాకుండా పక్కకు తగిలిందట. కంబానికి మూరెడు బయటినుంచి పోయిందట. అది కళ్ళారా చూసింది. కానీ ఆట అయిపోయాక జట్టంతా, "దాదీ తప్పు చెప్పింది, అది లోపలనే పోయింది, అల్ఫియా మంచిగ తన్నింది" అని దాని చుట్టూ మూగారు. కంబం దగ్గర నిలబడిన నాదే తప్పని పిల్లల అబ్బాలూ అమ్మీలూ అన్నారు. నువ్వెందుకు తప్పు తన్నావని ఎవ్వరూ అడగలేదు. అది నోరు విప్పలేదు.

"అందరు నిన్ను అంటుంటే విన్న దాదీ. గయాజ్ భాయి పాల జోక్ వేసినప్పుడల్ల నేను పక్కకు చూసిన. నువ్వు సరిగ్గ చెప్పినవు, నేనేమో నిన్ను అననిచ్చిన. నీ మొహం ఎట్ల చూడాలె?"

చెల్లె, ఆ వేడినీళ్ళు, ఆ కాళ్ళు ఒత్తడం, ఆ చికెన్ ముక్కలు, అన్నీ ఇందుకా. నేను దాని కోపానికి భయపడి ఏడాది ఎండిపోయాను, అది నా మొహానికి భయపడి ఏడాది ఎండిపోయింది. ఒకే ఇంట్లో, రెండే గదుల్లో.

ఇంతలో కహకషాన్ వంటింటినుంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఎవ్వరు పోయిండ్రు? ఏమైంది? ఫోన్ వచ్చిందా?" అని. నూనె చేతులతో మేమిద్దరం ఒకరినొకరం పట్టుకుని ఉన్నాం. ఏడుస్తున్నామో నవ్వుతున్నామో ఆమెకు తెలియలేదు, మాకూ తెలియలేదు. సంగతి చెప్తే ఆమె గరిటె పక్కన పెట్టి అంది, "అమ్మీ, అంటే ఏడాదినుంచి మంచి ముక్కలన్ని ఊరికేనే మీకు పోయినయా? నేను కోడి మెడలే తింటున్న."

మోకాళ్ళ సంగతి చెప్పి మాట మార్చబోయాను. రేపు నేను రాను, కాళ్ళు నొప్పి అన్నాను. అల్ఫియా కళ్ళు తుడుచుకుని నడుముమీద చేతులు పెట్టింది, అచ్చం నీలాగే. "నువ్వే నిలబడాలె. గని రెండు షరతులు. దువా ముందే చేసుకో. బంతి వచ్చేటప్పుడు కండ్లు తెరువు."

నిన్న అసర్ అయ్యాక మైదానానికి పోయాం. ముందుగా టీచరమ్మకు చెప్పాం, నేనూ ఫసీయుద్దీన్ సాబూ పక్కపక్కన నిలబడి, బడిలో తప్పుచేసిన పిల్లల్లాగా. అల్ఫియా ఇంగ్లీషులో చెప్పింది, తన సంగతి కూడా కలిపి. టీచరమ్మ మొదట నోరు తెరిచింది. తర్వాత మొహం మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. ఆమె కూడా నవ్వే మనిషేనని నాకప్పుడు తెలిసింది. తిరిగొచ్చి నా కోటు గుండీలు తానే పెట్టింది. అల్ఫియా తన జట్టు దగ్గరికి పోయి అందరికీ చెప్పేసింది. పిల్లలు కాసేపు గుర్రుగా చూశారు. తర్వాత ఒకతి, "అయితే ఈసారి సరిగ్గ తన్ను" అంది. అంతే, అయిపోయింది. ఏడాది మోసిన బరువు పిల్లల దగ్గర రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

ఆట సంగతి అంతా రాస్తే కాగితం చాలదు. మనవాళ్ళు మొదట వెనకబడ్డారు. అల్ఫియా ఒకటి వలలో కొట్టింది, అటువైపు గోలులో. నేను ఇక్కడినుంచే పచ్చ జెండా ఊపాను. ఊపకూడదట. టీచరమ్మ ఈల వేసింది. చివరికి వచ్చేసరికి తొమ్మిది, తొమ్మిది. రెండు పేటల వాళ్ళూ లేచి నిలబడ్డారు. గయాజ్ దుకాణం మూసి వచ్చాడు, డ్యూటీ మార్చుకుని జలంధర్ వచ్చాడు, "పెద్దత్తమ్మా, గట్టిగ నిలబడు" అని అరుస్తున్నాడు, నేనేదో బంతి ఆపాలన్నట్టు.

అప్పుడు బంతి రాబియాకు దొరికింది.

నా వైపే వస్తోంది చెల్లె. నాలుగు అడుగులు, నేలకు కొట్టింది. మళ్ళీ నాలుగు అడుగులు. మావాళ్ళిద్దరు అడ్డుపడ్డారు, తప్పించుకుంది. అల్ఫియా వెనకనుంచి పరుగెత్తుకొస్తోంది, అందడంలేదు. నా పెదవులు వాటంతటవే దువా మొదలుపెట్టాయి. కనురెప్పలు బరువెక్కాయి. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఆ గుమాస్తా చెయ్యి పట్టుకున్న నీ చెయ్యి. సూసి పారెయ్యి. నేను ఎడమచేత్తో కంబాన్ని పట్టుకుని, కళ్ళు మంటపుట్టేదాకా తెరిచి ఉంచాను.

రాబియా తన్నింది. బంతి పైకి లేచింది. గుండ్రంగా తిరుగుతూ, కుట్లు కూడా కనబడుతున్నాయి. నా కంబం వైపే వంగింది. బయటికి పోతుందనుకున్నాను. పోలేదు. గాలికి కొంచెం లోపలికి తిరిగి, అడ్డకంబం పైనుంచి, నా కంబానికి జానెడు లోపలినుంచి పోయింది. జానెడు. కావాలంటే నా చెయ్యి పెట్టి చూపిస్తాను.

అందరూ నన్నే చూశారు. ఫసీయుద్దీన్ సాబ్ నన్నే చూశాడు. వంగి తెల్ల జెండా తీసుకున్నాను. పైకెత్తాను. రెండు చేతులతో ఎత్తాను, ఎవ్వరికీ అనుమానం ఉండకూడదని.

హిలాల్ వాళ్ళు అరిచిన అరుపు అల్ సద్ దాకా వినబడి ఉంటుంది. ఈల మోగింది. మనం ఓడిపోయాం, మళ్ళీ ఒక్కదానితో. మావాళ్ళు మళ్ళీ గడ్డిమీద కూలబడ్డారు. అల్ఫియా మాత్రం నిలబడే ఉంది. నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. మొహంనిండా చెమట, మోకాలి మీద గీత.

"చూసినవా దాదీ?"

"చూసిన."

"లోపలనేనా?"

"లోపలనే. జానెడు."

కొంచెంసేపు ఆ కంబాన్ని చూసింది. "అయితే సరే" అంది. తర్వాత నా భుజం మీద మొహం పెట్టి ఏడ్చింది, చిన్నప్పుడు సకినాలు అయిపోయినప్పుడు ఏడ్చినట్టు, గట్టిగా, మొహమాటం లేకుండా. తెల్లకోటు తడిసిపోయింది. నాకు ఆ ఏడుపు ఎంత తీయగా ఉందో ఎలా రాయను. ఏడాది తర్వాత నా పిల్ల నా దగ్గర ఏడ్చింది.

అటునుంచి ఫసీయుద్దీన్ సాబ్ వచ్చాడు, చేతిలో మిఠాయి డబ్బా. ముందే తెచ్చి కారులో పెట్టుకున్నాడట, గెలిచినా ఓడినా ఇద్దామని. నా దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు, "ఆపా, అది నిజంగ లోపలనే పోయిందా?"

"మీరు చూడలేదా భాయిసాబ్?"

ఆయన నేలకేసి చూశాడు. "మళ్ళ మూసుకున్న ఆపా. అలవాటైపోయింది."

డబ్బా మూత నేనే తీశాను. పోయినేడు ముట్టని చేత్తో మొదటి ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను. రెండోది రాబియా నోట్లో పెట్టాను. మూడోది అల్ఫియా తనే లాక్కుంది. రెండు జట్ల పిల్లలూ మీదపడ్డారు, నిమిషంలో డబ్బా ఖాళీ. గయాజ్ ఖాళీ డబ్బాలోకి తొంగిచూసి, "దాదీ, నా వాటా బయటికి పోయిందా" అన్నాడు. జీవితంలో మొదటిసారి వాడి జోకుకు నవ్వాను.

టికెట్ వద్దని బాసిత్‌కు చెప్పాను. వాడు మోకాళ్ళ సంగతి అడిగాడు. తగ్గిపోయాయన్నాను. ఆ డాక్టరు చాలా మంచివాడని ఇప్పుడు ఊరంతా చెప్తున్నాడు. నీ దగ్గరికి పండుగ అయ్యాక అందరం కలిసి వస్తాం, నువ్వు తలుపు తీసి ఉంచు. సకినాలు ఎక్కువ చెయ్యి, ఇప్పుడు అది ఇంకా ఎక్కువ తింటుంది.

తెల్లకోటు ఉతికి తెస్తానని ఇంటికి తెచ్చుకున్నాను. పొద్దున్నే ఉతికి బాల్కనీలో ఆరేశాను. రెండో గుండీ వదులుగా ఉంది. వచ్చే ఏడాదిలోపు ఊడిపోతుందేమోనని భయంగా ఉంది. ఇవాళే కుట్టేస్తాను.

కళ్ళు తెరిచి ఉన్న
నీ ఖమర్ అక్క